కానుగ నీడలో కనకాంబరాలు

ఏడాది తిరిగొచ్చినా దస్తగిరి చేతి కింది పెరట్లో ఒక్క పువ్వు నిలవలేదు.

పూలు పెంచడం తెలియనివాడు కాదు దస్తగిరి. వాళ్ళది తాతల నాటి నుంచి పూలతోటల ఇల్లు. అతని చేమంతి గంప కడప అంగడిలో దిగిందంటే, అది ఖాళీ అయ్యేదాకా పక్క గంపల వైపు ఎవరూ చూసేవాళ్ళు కాదు. రాతి మీద నాటినా దస్తగిరి చేతికి పూస్తుందని ఊళ్ళో అనేవాళ్ళు. ఆ మాట విని విని అతనూ నమ్మాడు. నడివయసులో భార్య పోయింది. తోట మీద మనసు విరిగింది. అన్నదమ్ములకు తోట వదిలేసి, నల్లగుట్ట దర్గాకు వచ్చి మౌలాలి తాత కాళ్ళ దగ్గర కూర్చున్నాడు.

మౌలాలి తాత ఆ దర్గాలో ఉండే ఫకీరు. మాట పొదుపు మనిషి. దస్తగిరి తన గోడంతా వెళ్ళబోసుకుని, "నాకేదన్నా దారి చూపించండి సామీ" అంటే ఆయన అడిగింది ఒకటే.

"నీకేం పని తెలుసప్పా?"

"పూలు పూయించడం సామీ."

"అయితే వెనక పెరట్లో పూయించు. ఆడ పండుకున్నోళ్ళు పొద్దంతా ఆ బండనే చూస్తాండారు."

దర్గా వెనక పెరడు గుట్టను ఆనుకుని ఉంటుంది. దక్షిణాన నిలువెత్తు నల్లబండ. మిగతా వైపులన్నీ పాత కానుగ చెట్లు. పొద్దున కాసేపు ఆకుల సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా పడుతుంది. ఆ తర్వాత రోజంతా నీడే. ఆ సీమ ఎండల్లో అలాంటి నీడ దొరకడం భాగ్యం. అందుకే జబ్బుపడ్డవాళ్ళనూ మతి చెదిరినవాళ్ళనూ తెచ్చి ఆ కానుగల కింద చాపలు పరిచి ఉంచేవాళ్ళు. కొందరు నాలుగు రోజులుండి పోయేవాళ్ళు. కొందరు నెలల తరబడి ఉండిపోయేవాళ్ళు.

అలా ఉండిపోయినవాళ్ళలో ఓబులమ్మ ఒకతి. పొట్టి మనిషి. వయసు యాభైకి అటూ ఇటూ. కడుపున పుట్టిన ఇద్దరూ ఒకే జ్వరంలో పోయినప్పటి నుంచి మాట పడిపోయింది. తమ్ముడు తెచ్చి వదిలాడు. పండగకోసారి వచ్చి చూసి, వంటింట్లో బియ్యమూ పప్పులూ ఇచ్చి పోతుంటాడు. ఎవరైనా ముద్ద చేతిలో పెడితే తింటుంది. లేవదీస్తే లేస్తుంది. తనంతట తాను ఏ పనీ చేయదు. మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని బండ వైపు చూస్తూ కూర్చుంటుంది.

మొదటి ఏడు దస్తగిరి తనకు తెలిసిన పూలన్నీ తెచ్చాడు. బంతి నాటితే మోకాటి ఎత్తున ఉండాల్సిన మొక్క నడుము ఎత్తు పెరిగి, వెలుగు కోసం మెడ చాచి, చివరికి నేల మీద వాలిపోయింది. చేమంతి మొగ్గ కట్టి, మొగ్గలోనే నల్లబడింది. గులాబీ ఆకులకు బూడిద పట్టింది. అతను ఎరువు పెంచాడు. నీళ్ళు పెంచాడు. బావి నుంచి కావడితో మోసి మోసి భుజం కాయలు కాసింది. ఒక మొక్క చస్తే ఆ గుంటలోనే ఇంకోటి నాటాడు.

దర్గాలో రోగులకు వండిపెట్టే బీబక్క రోజూ గంజి కుండ దించుతూ అడిగేది.

"ఏం దస్తగిరీ, ఈ పొద్దేమన్నా పూసెనా?"

"పూస్తాయిలేక్కా."

"ఎప్పుడప్పా?"

 దస్తగిరి ఆ పూటే ఇంకో గుంట తవ్వేవాడు. ఓడిపోవడం అతని ఒంట్లో లేదు. పోను పోను అతనికి పెరట్లో మొక్కలు తప్ప ఇంకేమీ కనిపించకుండా పోయింది. మడి అంచున ఎవరి చాపైనా పడితే, "జరుగు, జరుగు" అని విసుక్కునేవాడు.

వైశాఖంలో అతనొక నిర్ణయానికి వచ్చాడు. తాత దగ్గరికి పోయి చెప్పాడు.

"సామీ, తప్పు నా చేతిది కాదు. నీడది. పడమటి కానుగలకు పెద్ద కొమ్మలు కొట్టేస్తే ఎండ పడుతుంది. ఎండ పడితే ఎందుకు పూయవో నేను చూస్తా."

తాత తస్బీ పూసలు తిప్పుకుంటూ విన్నాడు. ఊ అనలేదు, వద్దనీ అనలేదు.

మరుసటి రోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక దస్తగిరి నడుముకు తాడు కట్టుకుని, గొడ్డలి భుజాన వేసుకుని చెట్టెక్కాడు. ఏ కొమ్మ కొడితే ఎంత ఎండ దిగుతుందో చూసుకుంటూ ఇంకా పైకి పోయాడు. పై కొమ్మల్లోంచి కిందికి చూస్తే, బండ పక్కన, చెట్ల నీడ దాటి ఉన్న బోడినేల మీద ఎవరో కూర్చున్నట్టు కనిపించింది. ఆకులు పక్కకు తీసి చూశాడు. మౌలాలి తాత.

చాప పరుచుకుని, ఎదురెండలో కూర్చున్నాడాయన. నెత్తిన గుడ్డ కూడా లేదు. బండ మీద పడ్డ ఎండ తిరిగి ఆయన మీదే కొడుతోంది.

"సామీ, ఆడ కూర్చుంటిరేంది? ఎండ జాస్తిగా ఉండాది. నీడకు రాండి."

"నీ పని కానీ నువ్వు."

దస్తగిరి కొమ్మ మీద గొడ్డలి ఆనించాడు. ఎత్తబోయి మళ్ళీ కిందికి చూశాడు. తాత ముఖం మీద చెమట కారి గడ్డంలోకి పోతోంది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. కానుగల కింద పడుకున్నవాళ్ళు ఒక్కొక్కరే తలలెత్తి ఆయన వైపు చూస్తున్నారు. బీబక్క వంటింటి గుమ్మంలోకి వచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అతను గొడ్డలి కొమ్మకే తగిలించి గబగబా దిగాడు. దిగేటప్పుడు మోచేతులు గీరుకుపోయాయి.

"లేయండి సామీ. ప్రాణం మీదికి తెచ్చుకుంటారా?"

"కొమ్మలు కొట్టినాక వీళ్ళ చాపలు పడేది ఇట్టాంటి ఎండలోనే గదప్పా" అన్నాడు తాత కళ్ళు తెరవకుండానే. "ఎట్లుంటాదో చూస్తాండా."

దస్తగిరి ఆయన రెక్క పట్టుకుని లేవదీశాడు. ఒళ్ళు పెనంలా కాలుతోంది. నీడలోకి తెచ్చి కూర్చోబెట్టి, కుండలో నీళ్ళు ముంచి ఇచ్చాడు. తాత తాగి, చెంబు తిరిగిస్తూ అతని ముఖంలోకి చూశాడు.

"నేను నీకిచ్చింది నీడ. నువ్వేమో ఎండ అడుగుతాండావు."

ఆ రాత్రి అతనికి కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. తెల్లారి లేచి మళ్ళీ చెట్టెక్కి గొడ్డలి దించుకున్నాడు. దాన్ని తీసుకుపోయి బీబక్క కట్టెల దగ్గర పడేశాడు.

"ఇంక వదిలేసినట్టేనా?" అంది బీబక్క.

"చెట్టు కొట్టను" అన్నాడు దస్తగిరి. "పూయించకుండానూ వదలను."

ఆ రోజు అతను మొదటిసారి ఏ పనీ చేయకుండా పెరట్లో కూర్చున్నాడు. పొద్దున ఎండ చుక్కలు ఎక్కడ పడుతున్నాయో, ఎక్కడి నుంచి ఎక్కడికి పాకుతున్నాయో, ఏ మూల మన్ను సాయంత్రం దాకా చల్లగా ఉంటుందో చూశాడు. మరునాడూ చూశాడు. చూస్తూ ఉండగా అతనికి తన చిన్ననాటి ఇల్లు మనసులో మెదిలింది. ఇంటి వెనక గోడ వారగా, ఎండ పడని చోట, అమ్మ తోమిన గిన్నెల నీళ్ళు పారే చోట కనకాంబరాలు ఉండేవి. ఎవరూ ప్రత్యేకంగా పట్టించుకోకపోయినా ఏళ్ళ తరబడి అవే మొక్కలు పూసేవి. అమ్మా అక్కా జడల్లో పెట్టుకునేవాళ్ళు. నాన్న వాటిని ఎప్పుడూ పూలలో లెక్కవేయలేదు. గంపకెక్కని పువ్వు వాళ్ళ ఇంట్లో పువ్వే కాదు. దస్తగిరీ అలాగే పెరిగాడు.

అతను కాలినడకన తన ఊరికి పోయాడు. అమ్మ పోయి చాలా ఏళ్ళయింది. గోడ ఒక పక్కకు ఒరిగింది. కనకాంబరాలు మాత్రం అక్కడే ఉన్నాయి, కలుపులో కలిసిపోయి. వదినను అడిగి కొమ్మలు కోసుకున్నాడు. ఊదారంగు డిసెంబరం పూల చెట్టు పక్కింటి దొడ్డి నీడలో ఉంటే దాని కొమ్మలూ అడిగి తీసుకున్నాడు.

"వీటి కోసం ఇంత దూరం వస్తివా మరిదీ?" అని వదిన నవ్వింది.

తొలకరి పడ్డాక గుట్ట వెనక కోనలోకి పోయాడు. వెదురు పొదల కింద, పగలే చీకటిగా ఉండే చోట, నేలలోంచి అడవి పసుపు పూలు పైకి వచ్చి ఉన్నాయి. చివర్న గులాబీ రంగు, దాని అడుగున పసుప్పచ్చటి చిన్న పూలు. ఆకు ఇంకా రానేలేదు, పువ్వే ముందు వచ్చింది. అతను అక్కడే గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. ఆ తర్వాత పొద కింద కొన్నిటిని వదిలి, కొన్ని దుంపలు మట్టితో సహా తవ్వుకున్నాడు.

పెరట్లో ఈసారి గుంటలు తవ్వే పద్ధతి మార్చాడు. కానుగ వేళ్ళు తగిలితే నరకలేదు, పక్కకు జరిగాడు. రాలిన కానుగాకు ఊడ్చి కాల్చేవాళ్ళు అంతకుముందు. అతను దాన్ని గుంటలో వేసి కుళ్ళబెట్టి, నల్లగా అయ్యాక మొక్కల మొదట్లో పరిచాడు. బీబక్క బియ్యం కడిగిన నీళ్ళు మురుక్కాలవలో పోయకుండా అడిగి తెచ్చుకున్నాడు. చుక్కల ఎండ పడే అంచుల్లో కనకాంబరం, దాని వెనక డిసెంబరం, చీకటి మూలన అడవి పసుపు పెట్టాడు.

ఆ ఏడు పెద్దగా ఏమీ పూయలేదు. కొమ్మలు వేళ్ళు పట్టాయి, అంతే. కనకాంబరం అక్కడొక వెన్ను, ఇక్కడొక వెన్ను వేసింది. చలికాలం వచ్చేసరికి అడవి పసుపు ఆకులు పండి, ఎండి, నేలకు అంటుకుపోయాయి. మూలంతా బోడిగా మిగిలింది.

"ఆ పసుపు గూడా పాయనే" అంది బీబక్క.

"పోలేదక్కా. పండుకోనుండాది."

చెప్పాడే కానీ అతనికీ నమ్మకం చాలలేదు. ఎండాకాలం పొడుగునా ఆ మూల దగ్గరికి పోయినప్పుడల్లా చేతులు దురద పెట్టేవి. ఒక్క దుంప తవ్వి చూద్దామా, బతికుందో కుళ్ళిందో తెలుసుకుందామా అనిపించేది. చేతులు వెనక్కి కట్టుకుని తిరిగి వచ్చేవాడు. పాత దస్తగిరి అయితే తవ్వేవాడు. నీళ్ళు కుమ్మరించేవాడు. ఇప్పుడతను చేసిన కష్టమల్లా ఏమీ చేయకుండా ఉండటం. అది కావడి మోసిన దానికంటే బరువుగా ఉండింది.

మృగశిర కార్తెలో వాన పడింది. ఒక పొద్దున అతను మూలకు పోయేసరికి ఆకుచెత్తను పక్కకు నెట్టుకుని, పిట్ట ముక్కుల్లాంటి మొలకలు పైకి వచ్చి ఉన్నాయి. తర్వాతి వారంలో గులాబీ రంగు తేలింది. కానుగల కింద పడుకున్న కాలు పడిపోయిన రైతొకడు మోచేతి మీద లేచి, "దస్తగిరన్నా, అదేం పువ్వు?" అని అడిగాడు. అతను పేరు చెప్పాడు. ఆ మనిషి తన చాపను ఆ వైపు తిప్పి వేయించుకున్నాడు.

ఆ వర్షాలకు పెరడంతా అందుకుంది. చీకటి మూల పసుపు అణిగేసరికి కనకాంబరం మళ్ళ నిండా పూసింది. కార్తీకం చలికి ఊదా డిసెంబరాలు విచ్చుకున్నాయి. నీడలో కనకాంబరాల నారింజ రంగు దీపం పెట్టినట్టు కనిపించేది. ఊరి నుంచి దర్గాకు వచ్చినవాళ్ళు సమాధికి మొక్కుకుని, వెనక్కి వచ్చి పెరడు చూసి పోవడం మొదలుపెట్టారు.

దస్తగిరి నడకలో పాత చేమంతి రోజుల నిటారుతనం మళ్ళీ వచ్చింది. ఆ ఏడు గంధం పండగ కార్తీకం చివర్లో పడింది. గంధం రోజున సమాధికి చాదరు కప్పి పూలు పరుస్తారు. ఏటా పూలు కడప నుంచి వచ్చేవి. దస్తగిరి దర్గా బాగోగులు చూసే ముజావరు దగ్గరికి పోయి, "ఈసారి అంగడి పూలు తెప్పించొద్దండి. నా పెరటి పూలే సమాధికి" అన్నాడు. ముజావరు సంతోషంగా సరేనన్నాడు. ఆ మాట ఊరంతా తెలిసింది.

ఇక అతను కాపలా మొదలుపెట్టాడు. మళ్ళ చుట్టూ తుమ్మకంప పెట్టాడు. మేకలు రాకుండా అన్నాడు కానీ, కంప మనుషులకూ అడ్డమే అయింది. ఒక తల్లి పసిబిడ్డకు ఒక్క పువ్వు అడిగితే, "గంధం కానీమ్మా, తర్వాత చూద్దాం" అన్నాడు. మౌలాలి తాత అటుగా పోతూ కంప వైపు చూశాడు. 

గంధం రోజు పొద్దున దస్తగిరి స్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని, తడిగుడ్డ పరిచిన తట్ట పట్టుకుని పెరట్లోకి వచ్చాడు. ముందు వాకిట్లో డప్పులు మొదలయ్యాయి. ముజావరూ ఊరి జనమూ గంధం గిన్నె ఎత్తడానికి సిద్ధంగా ఉన్నారు.

కంప ఒక పక్కకు లాగేసి ఉంది. మళ్ళలో ఆకులు తప్ప ఏమీ లేవు. నారింజా లేదు, ఊదా లేదు.

అతను తలెత్తి చూశాడు. కానుగల కింద ఓబులమ్మ నడుస్తోంది. ఎవరూ లేవదీయకుండా, ఎవరూ చెయ్యి పట్టకుండా. ముళ్ళు గీరి ఆమె చేతుల మీద నెత్తురు గీతలున్నాయి. కొంగు నిండా పూలు. ఒక్కో చాప దగ్గర వంగి, పడుకున్నవాళ్ళ చెవి సందున ఒక్కో పువ్వు పెట్టి, పక్క చాపకు పోతోంది. కాలు పడిపోయిన రైతు చెవిన ఊదా పువ్వు ఉంది. పసిబిడ్డ గుప్పిట్లో కనకాంబరం ఉంది. 

"ఓబులమ్మా" అని అరిచాడు దస్తగిరి.

ఆమె ఉలిక్కిపడింది. కొంగు జారింది. పూలన్నీ ఆమె కాళ్ళ చుట్టూ రాలాయి. రెండు చేతులూ తల మీద అడ్డం పెట్టుకుని, దెబ్బ పడుతుందన్నట్టు అక్కడే ముడుచుకుపోయింది.

డప్పు ఆగింది. అరుపు విని ముజావరు వచ్చాడు. బీబక్క వచ్చింది. మౌలాలి తాత వాళ్ళ వెనక నిదానంగా వచ్చాడు. దస్తగిరి ఖాళీ మళ్ళను చేత్తో చూపించాడు. ఇన్నాళ్ళు చేతులు కట్టుకుని ఎదురుచూసింది ఈ పొద్దు కోసమేనని చెప్పాలనుకున్నాడు. 

తాత మళ్ళ వైపు చూడలేదు. నేరుగా ఓబులమ్మ దగ్గరికి పోయి ఆమె ఎదుట కూలబడ్డాడు. నెత్తిన ఉన్న టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. తల వంచాడు. అలాగే ఉండిపోయాడు.

 ముజావరు ఏదో అనబోతే బీబక్క చేత్తో వారించింది.

ఓబులమ్మ చేతులు మెల్లగా తల మీంచి దిగాయి. ఎదుట ఉన్న నెరిసిన తలను చూసింది. పక్కనే నేల మీద పడ్డ కనకాంబరం ఒకటి తీసింది. దానికంటిన మన్ను ఊదింది. ఆయన చెవి సందున పెట్టింది.

తాత లేచి నిలబడ్డాడు. ఆమెకూ చెయ్యి ఇచ్చి లేపాడు.

"సామీ, పొద్దెక్కుతాంది" అన్నాడు ముజావరు నెమ్మదిగా. "మరి సమాధికి పూలు?"

"ఒకటి వచ్చె" అన్నాడు తాత చెవిన పువ్వు సవరించుకుంటూ. "తక్కినవి లేస్తాండాయి."

నిజంగానే చాపల మీద వాళ్ళు సమాధి దగ్గరికి పోవడానికి లేస్తున్నారు. లేవలేనివాళ్ళను పక్కవాళ్ళు లేవదీస్తున్నారు. కాలు పడిపోయిన రైతు ఇద్దరి భుజాల మీద చేతులు వేసి నిలబడ్డాడు.

ఓబులమ్మ మళ్ళీ వంగి ఒక పువ్వు ఏరుకుంది. దాన్ని పట్టుకుని దస్తగిరి వైపు చూసింది. అడుగు ముందుకు వేయలేదు. వెనక్కీ వేయలేదు. 

దస్తగిరి తట్టతో సహా కొయ్యలా నిలబడిపోయాడు. పొడగరి మనిషి.

"తల వంచప్పా" అన్నాడు మౌలాలి తాత. "ఆయమ్మకు అందదు."

దస్తగిరి తట్ట కింద పెట్టాడు. ఆమె దగ్గరికి నడిచి పోయి, తల వంచాడు.